మంచును ఎక్కడ పోస్తారు?

తెల్లవారుజాము మూడూ నలభై. ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి. నిండు గర్భిణి... కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది. వెంటనే ఆపరేషన్ చేయాలి. మత్తు ఇవ్వాల్సిన డాక్టరు ఆమే. కబురందిన అరగంటలో ఆస్పత్రిలో ఉండాలన్నది డ్యూటీ షరతు. కారెక్కితే పదిహేను నిమిషాల దారి. ఇబ్బందేమీ లేదు... ఇంటి ముందున్న ఐదువందల అడుగుల బాట దాటగలిగితే!

కోటు తొడుక్కుని తలుపు తీసిందామె. బాట కనిపించలేదు. దానికి రెండు పక్కలా నడుమెత్తు మంచు గోడలు. వాటి మధ్య అంచుల దాకా నిండిపోయిన మంచు. ఆగస్టులో నిండుగా పారే డెల్టా కాలువ ఒక్కసారిగా గడ్డకట్టినట్టుంది. భర్త ఆఫీసు పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడు. షెడ్డులో ట్రాక్టరుంది. దాని వెనక బ్లేడూ ఉంది. స్టార్ట్ చేసి దిగింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ... అరవై అడుగులు వెళ్లేసరికి చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. అంతే! ఇక కదల్లేదు.

పక్క పొలం ఆయన్ని లేపింది. ఒకప్పుడు పాడి నడిపిన పెద్ద రైతు. తన పెద్ద ట్రాక్టరు వేసుకుని వచ్చి దారి చేశాడు. ఆమె ఆస్పత్రి చేరేసరికి గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆ రాత్రి సెలవులో ఉండాల్సిన మరో డాక్టరు, ఆస్పత్రికి దగ్గర్లోనే ఇల్లు కాబట్టి, పరుగున వచ్చి గండం గట్టెక్కించాడు. తల్లీబిడ్డా క్షేమం. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. భర్త తిరిగొచ్చాక ఒకటే చెప్పింది: ‘‘ఈ ఇల్లయినా అమ్మేద్దాం, లేదా ఈ బాట సంగతయినా తేలుద్దాం.’’

ఇది జరిగింది 2022 ఫిబ్రవరిలో.

సరస్సు పంపే మంచు

న్యూయార్క్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆకాశాన్నంటే మేడలు. కానీ ఆ పేరుతో ఉన్న రాష్ట్రం పెద్దది. నగరం నుంచి ఉత్తరంగా ఐదు గంటలు కారు నడిపితే వచ్చే పల్లెల్లో పాడి ఆవులు, మొక్కజొన్న చేలు, మైలుకో ఇల్లు. సిరక్యూస్ నగరానికి ఉత్తరాన, ఒంటారియో సరస్సుకు తూర్పున టగ్ హిల్ అనే మెట్ట ప్రాంతం ఉంది. దాని అంచునే ఈ తెలుగు కుటుంబం ఇల్లు. అమెరికా పల్లెల్లోని చిన్న ఆస్పత్రుల్లో మన డాక్టర్లు చాలామందే పనిచేస్తున్నారు. ఆమె వారిలో ఒకరు. ఆయన సాఫ్ట్‌వేర్. 2021 వేసవిలో ఇల్లు కొన్నారు. చుట్టూ పచ్చిక, రోడ్డు నుంచి లోపలికి కంకర బాట. వేసవిలో చూస్తే ముచ్చటేసే ఇల్లే!

చలికాలం వచ్చాకే అసలు కథ. కెనడా వైపు నుంచి వచ్చే కొరికే చలిగాలి, ఇంకా గడ్డకట్టని సరస్సు మీదుగా వీస్తుంది. నీటిలోని వెచ్చదనాన్నీ, తేమనూ మూటగట్టుకుంటుంది. ఒడ్డు దాటి ఎత్తు ప్రాంతం తగలగానే ఆ మూటంతా మంచుగా దించేస్తుంది. అందుకే టగ్ హిల్ ఎగువ భాగాల్లో ఏడాదికి రెండువందల అంగుళాలకు పైగా మంచు పడుతుంటుంది. అంటే పదహారడుగుల పైమాటే. అంతా ఒక్కసారే పడదు, పడినదంతా అలాగే నిలవా ఉండదు. కానీ నవంబరు నుంచి మార్చి దాకా తీస్తూనే ఉండాలి.

తీయడమంటే పారతోనా? మొదట్లో ఆయన అలాగే అనుకున్నాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. గడ్డకట్టే చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. అదే సమయంలో పార ఎత్తే బరువుకు గుండె వేగం పెరుగుతుంది. రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికి ఇది ప్రమాదం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఈ సంగతి హెచ్చరిస్తూనే ఉంటుంది. మంచు తుపాను మర్నాడు అలాంటి కేసులు ఆస్పత్రికి రావడం ఆమె కళ్లారా చూసింది. భర్త వయసు నలభై ఆరు. ‘‘పార ముట్టుకోవద్దు’’ అంది.

అలా 2021 అక్టోబరులో ఓ చిన్న ట్రాక్టరు కొన్నారు. 35 హార్స్ పవర్. ముందు బకెట్ ఉన్న లోడరు దాంతోపాటే వచ్చింది. వెనక ఏం తగిలించాలి? ఆయన తెనాలి దగ్గర పల్లెలో ఉన్న తండ్రికి ఫోను చేశాడు. నలభై ఏళ్లు ట్రాక్టరుతో సేద్యం చేసిన మనిషి. ‘‘దానికంత ఆలోచనెందుకురా? లెవెలింగ్ బ్లేడు తగిలించు. చేను చదును చేసినట్టే’’ అన్నాడాయన. అన్నిటికంటే చవక కూడా అదే. కొడుకు అదే కొన్నాడు.

ఫిబ్రవరి రాత్రి సంగతి ఫోనులో విన్నప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. సలహా తనదే మరి!

బస్తాల లెక్క

2022 సెప్టెంబరులో పెద్దవాళ్లిద్దరూ అమెరికా వచ్చారు. చలికాలంలో ఎందుకని బంధువులంతా వద్దన్నా వినలేదాయన. దిగిన మర్నాడే చేతులు వెనక్కి కట్టుకుని ఆ బాట ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిచాడు. కొడుకుని పిలిచి లెక్క అడిగాడు.

బాట పొడవు ఐదువందల అడుగులు. వెడల్పు పది. ఒక్క అడుగు మంచు పడిందనుకుందాం. ఐదువేల ఘనపుటడుగులు. అంటే దాదాపు 140 ఘనపు మీటర్లు. అప్పుడే పడిన మంచు దూదిలా ఉంటుంది. అయినా ఘనపు మీటరుకు ఓ వంద కిలోలు తూగుతుంది. మొత్తం 14 టన్నులు! తడిమంచు అయితే అంతకు రెండింతలు, మూడింతలు.

‘‘డెబ్భై అయిదు కిలోల ధాన్యం బస్తాలు నూట ఎనభై అయిదు పైన’’ అన్నాడు పెద్దాయన. ‘‘ఒక్క రాత్రిలో నీ వాకిట్లో ఎవరో దించేసి పోయారనుకో. తెల్లారేలోగా తీయాలి. మరి ఎక్కడ పెడతావు?’’

కొడుకు దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా అతను చూసినవన్నీ హార్స్ పవర్లూ ధరలే. ఏ మిషను ఎంత తీస్తుందన్నది చూశాడు. తీసినది ఎక్కడికి పోతుందన్నది చూడలేదు.

కాలువ పూడిక చెప్పిన పాఠం

పక్క పొలం రైతు కూడా వచ్చి కలిశాడు. పెద్దాయనకు ఇంగ్లిషు అంతంత మాత్రం. అవతలాయనకు తెలుగు అసలే రాదు. కానీ ట్రాక్టరు దగ్గరకొస్తే ఇద్దరిదీ ఒకటే భాష. పీటీఓ, హైడ్రాలిక్, లింకేజీ, క్లచ్... మిగతాదంతా చేతులతోనే. ట్రాక్టరు వెనకుండే మూడు పాయింట్ల లింకేజీ హ్యారీ ఫెర్గూసన్ పుణ్యం. 1939లో ఫోర్డ్ ట్రాక్టర్లకెక్కాక ప్రపంచమంతా పాకింది. తెనాలిలో గొర్రు తగిలించేదీ దానికే, టగ్ హిల్‌లో మంచు బ్లేడు తగిలించేదీ దానికే. మన రోటవేటర్‌ని తిప్పే పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగితే, అక్కడి స్నో బ్లోయర్‌ని తిప్పేదీ అదే 540.

రైతు తన చెయ్యి పడమటికి చూపించి గాలి ఎలా వస్తుందో చెప్పాడు. బాట ఉత్తర దక్షిణాలుగా ఉంది. పడమట అంతా ఖాళీ పొలం. అక్కడ పడిన మంచును గాలి నేలబారుగా ఊడ్చుకొస్తుంది. బ్లేడుతో నెట్టినప్పుడు మంచు బాట అంచున గట్టులా పేరుకుంటుంది. గాలి ఆ గట్టుకు తగిలి వేగం తగ్గి, మోసుకొచ్చిన మంచును గట్టు వెనకే వదిలేస్తుంది. అంటే బాటలోనే!

పెద్దాయనకు అప్పుడు తట్టింది. కాలువ పూడిక తీసి గట్టు అంచునే పోస్తే ఏమవుతుంది? తొలివానకే తిరిగి కాలువలోకి జారుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. పూడికను గట్టు అవతలికి వేయాలి. ‘‘ఇంత చిన్న సంగతి ఫోనులో తోచలేదురా నాన్నా. చేను చదును చేస్తే మట్టి అక్కడే ఉండాలి. ఇక్కడ మంచు అక్కడ ఉండకూడదు. రెండూ ఒకటనుకున్నాను’’ అన్నాడు.

నిరుడు డిసెంబరులో బ్లేడు బాగానే పనిచేసింది. జనవరిలో గట్లు పెరిగి గడ్డకట్టాయి. వాటిని ఇంకా అవతలికి నెట్టే బలం చిన్న ట్రాక్టరుకు లేదు. పదడుగుల బాట ఎనిమిదైంది, ఏడైంది. ఫిబ్రవరి గాలికి ఆ మధ్య భాగం నిండింది. ఆ రాత్రి ఆమె ఇరుక్కున్నది మంచులో కాదు... తాము కట్టిన గట్ల మధ్య!

దేని గుణం దానిది

మరి ఏది కొనాలి? చిన్న ట్రాక్టరుకు తగిలించే మంచు సామాను నాలుగైదు రకాలు.

ట్రాక్టరుతో వచ్చే బకెట్ మొదటిది. కొత్తగా డబ్బు పెట్టక్కర్లేదు. ఎత్తి దూరంగా పోయగలదు. రోడ్డు మీద మంచు తోసుకుపోయే ప్రభుత్వ బండి మన బాట మొదట్లో ఓ గట్టి కుప్ప వదిలి వెళ్తుంది. దాన్ని ఎత్తడానికి బకెట్‌ని మించింది లేదు. కానీ ఐదువందల అడుగులూ బకెట్‌తోనే తీయాలంటే తెల్లారిపోతుంది. పైగా మెత్తని నేల మీద మంచుతోపాటు కంకరనూ గీకి పోస్తుంది. అన్నట్టు, ఆ కుప్పను తిరిగి రోడ్డు మీదకు నెట్టేయడం కుదరదు. అక్కడి చట్టం ప్రకారం తప్పు.

వెనక బ్లేడు చవక, గట్టిది, చెడిపోయే భాగాలు తక్కువ. దూరంగా నెట్టుకోవడానికి చోటుండి, గాలి పెద్దగా లేని ఇంటికి అది చాలు. అయితే మంచును చక్రాలు తొక్కాకే బ్లేడు దాకా వస్తుంది. తొక్కిన మంచు రాయిలా అతుక్కుంటుంది.

లోడరు ముందు బకెట్ తీసేసి తగిలించే ముందు బ్లేడు మూడోది. ముందుకు చూస్తూ నడపొచ్చు. చాలా వేగం. వెడల్పు దగ్గరే చాలామంది పొరబడతారు. బ్లేడును ఏటవాలుగా తిప్పితేనే మంచు పక్కకు జారుతుంది. ఆరడుగుల బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే అది ఊడ్చేది ఐదడుగుల రెండంగుళాలే. ట్రాక్టరు వెనక చక్రాల వెడల్పు అంతకన్నా ఎక్కువుంటే మంచు చక్రాల కింద పడుతుంది. కాబట్టి కొలవాల్సింది తిన్నగా ఉన్న బ్లేడును కాదు, తిప్పిన బ్లేడును. ఇంకో సంగతి. లోడరు చేతులు బరువు ఎత్తడానికి చేసినవి, దెబ్బలు తినడానికి కాదు. మంచు కింద దాగిన రాయికో మొద్దుకో బ్లేడు మూల తగిలితే చేతులు వంగిపోతాయి. అందుకే తగలగానే అంచు వెనక్కి మడిచి, దాటాక మళ్లీ లేచే స్ప్రింగుల బ్లేడు తీసుకోవాలి. నిదానంగా నడపాలి.

ఇక నాలుగోది స్నో బ్లోయర్. దీని పుట్టుక కూడా పల్లెదే. 1925లో కెనడాలోని క్యుబెక్‌లో ఆర్థర్ సికార్డ్ అనే ఆయన మోటారుతో నడిచే బ్లోయర్ తయారుచేశాడు. ధాన్యం నూర్చే యంత్రం చూశాకే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. 1927లో మాంట్రియల్ పక్కనున్న ఔట్రమాంట్ పట్టణం దాన్ని కొంది. ముందు మెలికల మర మంచును మధ్యకు లాగుతుంది. వెనక ఫ్యాను దాన్ని గొట్టంలోంచి ఇరవై ముప్ఫై అడుగుల దూరం విసిరేస్తుంది. గట్టన్నదే ఉండదు! పూడిక గట్టు అవతలికే పోతుందన్నమాట.

కానీ దానికీ లోట్లున్నాయి. బ్లేడు కన్నా ఖరీదెక్కువ, నిదానం. తడిమంచు వస్తే గొట్టం పూడుకుపోతుంది. కంకర రాళ్లనూ విసురుతుంది. పైగా బలం చూసుకోవాలి. ఇంజను 35 హార్స్ పవర్ అంటే పీటీఓ దగ్గరకొచ్చేసరికి అది ముప్ఫైకి లోపే. బ్లోయర్‌కి ఎంత బలం కావాలో, ఎంత మించకూడదో దాని పుస్తకంలోనే ఉంటుంది. దాంతో పోల్చాల్సింది ఇంజను అంకెను కాదు, పీటీఓ అంకెను.

బ్లోయర్‌లో మళ్లీ మూడు రకాలు. ముందు తగిలించేది నడపడానికి హాయి. కానీ దానికి ట్రాక్టరు పొట్ట కింద ఇంకో పీటీఓ ఉండాలి. చాలా మోడళ్లలో లోడరు విప్పేయాలి కూడా. వెనక తగిలించేది అంతకంటే చవక. కానీ రివర్స్‌లో మెడ తిప్పి నడపాలి. మూడోది కెనడా రైతులు మెచ్చే రకం. వెనకే ఉంటుంది కానీ ట్రాక్టరు ముందుకు వెళ్తుంటే మంచును లాక్కుంటుంది. మెడకు తేలిక. అయితే చక్రాలు ముందే తొక్కేస్తాయి.

నడిపేదెవరు?

అక్టోబరులో ఓ ఆదివారం భోజనాల దగ్గర చర్చ ముదిరింది. కొడుకు లాప్‌టాప్‌లో పట్టిక వేశాడు. వెనక బ్లోయర్ ఒక్కటి చాలన్నాడు. పెద్దాయన సరేనన్నాడు. గట్లు ఉండవు కదా! అంతా అయిపోయిందనుకుంటుండగా పప్పు వడ్డిస్తున్న పెద్దావిడ గరిటె ఆపింది.

‘‘ఏమండీ, తండ్రీకొడుకులిద్దరూ నెలరోజుల నుంచి మాట్లాడుకుంటున్నారు. ఆ రాత్రి నడిపింది ఎవరు? కోడలు కదా. మళ్లీ అలాంటి రాత్రొస్తే వీడు ఏ ఊళ్లో ఉంటాడో! అమ్మాయిని ఒక్కమాట అడిగారా?’’

ఎవరూ మాట్లాడలేదు. పట్టికలో హార్స్ పవర్, వెడల్పు, బరువు, ధర అన్నీ ఉన్నాయి. నడిపే మనిషికి మాత్రం గడి లేదు.

‘‘నువ్వు చెప్పమ్మాయ్’’ అన్నాడు పెద్దాయన.

ఆమె చెప్పింది. ఆస్పత్రిలో ఏ పరికరం కొన్నా ఎవరి చేతికి వస్తుందో వాళ్లను పిలిచి పట్టుకుని చూడమంటారు. రాత్రి రెండింటికి, నిద్రకళ్లతో, కంగారులో ఉన్నప్పుడు కూడా పొరబాటు చేయనివ్వని పరికరమే మంచిదంటారు. ‘‘చీకట్లో మెడ తిప్పుకుని ఐదువందల అడుగులు రివర్స్ నడపడం నావల్ల కాదు మామయ్యా. ట్రాక్టరు దిగి పిన్నులు తీసి తగిలించడం కూడా వద్దు. ఆ చలిలో వేళ్లు పనిచేయవు. ఎక్కి కూర్చుంటే ముందుకు వెళ్లాలి. అంతే.’’

ఆ శనివారం నలుగురూ ట్రాక్టర్ల దుకాణానికి వెళ్లారు. జపాను కుబోటా, అమెరికా జాన్ డీర్ సరసన మన మహీంద్రా ఎర్రగా నిలబడి కనిపించేసరికి పెద్దాయన మొహం వికసించింది. 1994 నుంచీ అమెరికాలో అమ్ముతోందట ఆ కంపెనీ. కానీ వచ్చింది ట్రాక్టరు కోసం కాదు కదా! ఈసారి సీటెక్కింది కోడలు. దళసరి చలికోటు, చేతులకు గ్లౌజులు వేసుకుని మరీ ఎక్కింది. ఒక్కో సామానూ తగిలించిన బండి మీద కూర్చుని చూసింది. ముందు బ్లేడు అంచు సీట్లోంచి కనిపిస్తోందా? మీట గ్లౌజుతో అందుతోందా? బ్లేడును కూర్చున్నచోటి నుంచే కుడిఎడమలకు తిప్పొచ్చా? దానికి అదనంగా ఒక హైడ్రాలిక్ లైను వేయించాలని తేలింది. అది లేకపోతే ప్రతిసారీ దిగి చేత్తో తిప్పాల్సిందే. ఆ ఖర్చు దగ్గర బేరమాడొద్దని మామగారే అన్నాడు.

చివరికి తేలిందేమిటంటే... ఒకటి కాదు, రెండు. ముందు తిరిగే బ్లేడు ఆమెకు. వెనక బ్లోయర్ ఆయనకు. మామూలు రాత్రుల్లో ఆమె బ్లేడుతో బాట తీసుకుని వెళ్లిపోతుంది. మర్నాడు తీరిగ్గా ఆయన బ్లోయర్‌తో గట్లను తూర్పువైపు, అంటే గాలి పోయే వైపు విసిరేస్తాడు. గట్టు గడ్డకట్టే దాకా ఉంచడన్నమాట. ఖర్చు రెండింతలైంది. ఆ ఏడాది ఇండియా ప్రయాణం మానుకుని సర్దుకున్నారు. పెద్దవాళ్లు ఎలాగూ ఇక్కడే ఉన్నారు కదా!

ఈ జోడీలో మరో లాభముంది. ముందు బ్లేడు బరువుకు ట్రాక్టరు వెనక భాగం తేలిపోయి చక్రాలు పట్టు తప్పుతాయి. వెనక వేలాడే రెండు మూడువందల కిలోల బ్లోయరే దానికి పాసంగంలా పనిచేస్తుంది. తక్కెడకు రెండు పక్కలా సరిచూసినట్టు! వెనక చక్రాలకు గొలుసులు కూడా తగిలించారు. వాటిని చూసి పెద్దాయన నవ్వాడు. ‘‘మనకు బురదలో దమ్ము చక్రాలు. వీళ్లకు మంచులో గొలుసులు.’’

నేల గడ్డకట్టక ముందే...

నవంబరు మొదట్లోనే మిగతా పనులు కానిచ్చారు. నేల గట్టిపడ్డాక కర్ర దిగదు కాబట్టి ముందే బాటకు రెండు అంచులా రంగు కర్రలు పాతారు. మంచు కప్పేశాక బాట ఎక్కడో పచ్చిక ఎక్కడో చెప్పేవి అవే. పడమటి పొలంలో నాలుగడుగుల మంచు కంచె వేశారు. దాన్ని బాట పక్కనే వేస్తే నష్టమే. కంచె ఎత్తుకు 35 రెట్ల దూరంలో వేయాలన్నది లెక్క. నాలుగడుగులకు 140 అడుగులు. గాలి తెచ్చే మంచు అక్కడే ఆగిపోతుంది.

బ్లోయర్ అడుగున రెండు పక్కలా ఉండే ఇనుప చెప్పులను ఓ అంగుళం దించారు. అప్పుడు మర నేలకు తగలక కంకర ఎగరదు. బ్లోయర్‌లో తెగిపోవడానికే పెట్టిన బోల్టులుంటాయి. రాయి ఇరుక్కుంటే అవి తెగి గేర్లను కాపాడతాయి. తెగిందని గట్టి బోల్టు వేస్తే తెగేది గేర్‌బాక్సే. అందుకే కంపెనీ చెప్పిన రకమే ఓ డజను కొని ట్రాక్టరు పెట్టెలో వేశారు. చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది కాబట్టి చలికాలపు డీజిల్ పోశారు. ఇంజనుకు రాత్రిళ్లు కరెంటు హీటరు పెట్టారు.

ఒక్క విషయంలో మాత్రం డాక్టరమ్మ భర్త చేత ఒట్టు వేయించుకుంది. గొట్టం పూడుకుపోతే చెయ్యి పెట్టకూడదు. ఇంజను ఆపాలి, అంతా తిరగడం ఆగే దాకా ఉండాలి, అప్పుడు కర్రతో తీయాలి. ఆపాక కూడా బిగుసుకున్న మర ఒక్కసారి కదలొచ్చు. తెగిన వేళ్లతో ఆస్పత్రికి వచ్చిన వాళ్లను ఆమె చూసింది.

నవంబరు మూడోవారంలో టీవీలో ఒకటే వార్తలు. బఫెలో శివారు ఆర్చర్డ్ పార్క్‌లో మూడు నాలుగు రోజుల్లోనే ఆరడుగులకు పైగా మంచు! పెద్దావిడ దేవుడి గూటి దగ్గర దీపం పెట్టింది. పెద్దాయన షెడ్డులోకి వెళ్లి బోల్టులు లెక్కపెట్టి వచ్చాడు.

ఎనిమిది నిమిషాలు

2023 జనవరి. మళ్లీ అలాంటి రాత్రే. భర్త మళ్లీ ఊళ్లో లేడు. ఫోను నాలుగూ పదికి మోగింది.

ఈసారి ఆమె ఒక అలవాటు చేసుకుంది. డ్యూటీ ఉన్న రాత్రి, మంచు పడుతుంటే, పడుకోబోయే ముందు ఒకసారి బాట తీసేస్తుంది. బ్లేడు సంగతి ఆమెకు తెలుసు. ఆరంగుళాలకు ఒకసారి తీస్తుంటే ఎంతయినా తీస్తుంది. అడుగున్నర పేరుకున్నాక దించితే చేతులెత్తేస్తుంది. రాత్రి పదకొండుకు తీసింది కాబట్టి ఇప్పుడున్నది నాలుగంగుళాలే.

మెలకువొచ్చి పెద్దాయన హాల్లోకి వచ్చాడు. కోటు తొడుక్కోబోయాడు.

‘‘మీరు పడుకోండి మామయ్యా. నేను చూసుకుంటాను.’’

ఆయన పడుకోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. ట్రాక్టరు దీపాలు వెలిగాయి. బ్లేడు కుడికి తిరిగింది. వెళ్లేటప్పుడు ఒక వరస, వచ్చేటప్పుడు ఒక వరస. ఎక్కడా వెనక్కి చూడాల్సిన పని పడలేదామెకు. మంచు కెరటంలా విరిగి పక్కకు పడుతోంది. అక్కడ నిన్నటి గట్టు లేదు. కొడుకు ఊరెళ్లే ముందే దాన్ని తూర్పుకు విసిరేసి పోయాడు. చోటుంది!

గోడ గడియారం చూశాడాయన. ఎనిమిది నిమిషాలు. ట్రాక్టరు షెడ్డులోకి, కారు బాటలోకి. ఎర్ర దీపాలు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చూశాడు. అప్పుడు వెళ్లి భార్యను లేపి, ‘‘వెళ్లింది’’ అన్నాడు. ఆవిడా నిద్రపోలేదు. ‘‘విన్నాను’’ అంది.

ఫిబ్రవరి ఆఖర్లో పెద్దవాళ్లు ఊరికి తిరిగొచ్చేశారు. తెనాలి దగ్గర ఆ పల్లెలో మంచంటే మాఘమాసపు పొద్దుట పసుపుతోట మీద కనిపించే పొగమంచే. అయినా నవంబరు వచ్చిందంటే ఆ ఇంట్లో అమెరికా వాతావరణం మాటలే. రోజూ సాయంత్రం కొడుక్కి ఫోను. అందరు తల్లిదండ్రుల్లాగే మొదటి ప్రశ్న ‘‘తిన్నారా?’’

రెండోది మాత్రం ఆయన సొంతం.

‘‘మంచు ఎటు పోస్తున్నారు?’’